సన్నటి మోత

నాకు కోపం ఎక్కువ. ఎవరో చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను. మందుపాతరలు వెతికే పని నేర్పేవాళ్ళకి కోపం ఉండి తీరాలి. మెత్తగా చెబితే జనం మెత్తగా వింటారు, మెత్తగా మర్చిపోతారు, ఆ తర్వాత కాలు పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పాట పాడుతున్నాను. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళలో ఒక్కరికీ చిటికెన వేలు కూడా తెగలేదు. ఆ మాట చెప్పుకునేటప్పుడు కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

ఈసారి బ్యాచ్‌లో ఆరుగురు. అందులో ఒకతె మా ఆడపడుచు, మా ఆయన చెల్లెలు. పదేళ్ళు బట్టలు కుట్టే షాపులో చేసింది. షాపు మూసేశారు. "వదినా, నన్నూ చేర్చుకో" అంది. చేర్చుకున్నాను గానీ గేటు దగ్గరే చెప్పేశాను, "ఈ గేటు దాటితే నేను నీకు వదినను కాను, మేడమ్‌ని" అని. "అలాగే వదినా" అంది. అదీ దాని వరస.

మొదటి రోజు యంత్రం చేతికిచ్చాను. నేలకి ఆనించీ ఆనించకముందే కుయ్యోమని మొదలెట్టింది. ఎటు తిప్పినా కూతే. బ్యాటరీ మార్చాం, చోటు మార్చాం, లాభం లేదు. చివరికి చూద్దును కదా, యూనిఫారం ప్యాంటు పొడుగైందని అంచులు మడిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చుకొచ్చింది. కాలికి నాలుగు చొప్పున ఎనిమిది.

"నీ మొహం మండ! మందుపాతరల దగ్గరికి సూదులు గుచ్చుకొస్తావా?"

"సాయంత్రం కుట్టుకుందామని వదినా..."

బ్యాచ్ అంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ పంతులమ్మ నవ్వితే ఇంక ఆ రోజు పాఠం సాగదు. అటు తిరిగి దగ్గాను.

యంత్రం అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పొడుగాటి కర్ర, కింద పళ్ళెంలాంటి చక్రం, చేతి దగ్గర చిన్న స్పీకరు. చక్రాన్ని నేలకి రెండు వేళ్ళ ఎత్తులో అటూ ఇటూ ఊపుకుంటూ జానెడు జానెడు ముందుకు పోవాలి. కింద ఇనుముంటే మోగుతుంది. పెద్ద ఇనుముకి బొంగురు గొంతు, చిన్నదానికి సన్నటి గొంతు. మనుషుల్ని చంపేది ఆ సన్నదే. ప్లాస్టిక్ డబ్బాలో చేసిన మందుపాతరలో ఇనుము ఉందంటే సూదిమొనంత ఉంటుంది, అంతే. మోత వినగానే ఆగి చెయ్యెత్తాలి. బోర్లా పడుకుని, సన్నటి ఇనప పుల్లతో పక్కనుంచి ఏటవాలుగా గుచ్చుకుంటూ చూడాలి. పైనుంచి పొడిస్తే ఇంక చూడ్డానికి మనం ఉండం.

మా ఆడపడుచు అయినదానికీ కానిదానికీ చెయ్యెత్తేది. అందుకే బ్యాచ్‌లో దానికి అలారం అని పేరు పెట్టారు. నేను పక్కనే ఉన్నా నాకు ఏ మోతా వినబడేది కాదు, దీనికి మాత్రం వినబడేది. తవ్వితే కొన్నిసార్లు ఏమీ ఉండేది కాదు. మిగతా సార్లు నేనే తవ్వనివ్వలేదు. "నీ చెవిలో జోరీగ దూరిందే. భయానికి చెవులు మోగుతున్నాయి నీకు. మోగిందో లేదో తెలుసుకుని చెయ్యెత్తు" అని ఆరు వారాలు తిట్టాను. రానురాను అది చెయ్యెత్తే ముందు నా మొహం వైపు చూడ్డం మొదలెట్టింది. దారికొస్తోందని సంతోషించాను.

పరీక్ష రోజు వచ్చింది. మీటరు వెడల్పు, పాతిక మీటర్ల పొడవున తెల్ల తాళ్ళు కట్టిన ఒక వరస. ముందురోజు ఇంకో ట్రైనర్ అందులో మందు లేని పది నమూనా ముక్కలు పాతిపెట్టి, ఎక్కడెక్కడ పాతాడో గీసిన కాగితం కవర్లో పెట్టి అంటించి నాకిచ్చాడు. పరీక్ష అయ్యేదాకా నేను కూడా దాన్ని విప్పకూడదు. ఒక్క ముక్క తప్పినా ఫెయిలే. వణికేవాళ్ళని ముందు పంపడం నా పద్ధతి, లేకపోతే పక్కవాళ్ళని చూసి ఇంకా వణుకుతారు. అలారాన్నే ముందు పంపాను. నేను దాని వెనకాలే రెండడుగుల దూరంలో నడిచాను.

ఆరు ముక్కలు బాగానే పట్టింది. పరవాలేదే అనుకున్నాను. ఇంకో రెండు మీటర్లు పోయాక ఆగి చెయ్యెత్తింది. నాకేమీ వినబడలేదు.

"ఏమిటి?"

"మోగింది."

"ఏం మోగింది, నీ బొంద! మళ్ళీ మొదలెట్టావా?"

"మోగింది వదినా" అంది. గొంతు వణుకుతోంది, చెయ్యి మాత్రం దించలేదు.

"సరే, తవ్వు. కొండను తవ్వి ఎలుకను పడుదువు గాని" అన్నాను. పడుకుంది, గుచ్చింది, మట్టి తీసింది. జానెడు లోతు లేదు, ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ బయటికొచ్చింది. మధ్యలో సూదిమొనంత ఇనుము. కవరు చింపి కాగితం చూశాను. ఏడో ముక్క, అన్నిటికంటే చిన్నది, సరిగ్గా అక్కడే.

మొదట యంత్రం మీద కోపం వచ్చింది. లాక్కుని, ఆ బిళ్ళను నేలమీద పెట్టి, దానిమీద తిప్పాను. మోగింది. మోగినట్టే అనిపించింది. అంతలో నేనే ప్రతి బ్యాచ్‌కీ చెప్పే మాట గుర్తొచ్చింది. పొద్దున్నే పని మొదలెట్టే ముందు యంత్రాన్ని పరీక్ష ముక్క మీద తిప్పి చూసుకోవాలి, కళ్ళు మూసుకుని చూసుకోవాలి. ముక్క కంటికి కనబడుతుంటే చెవి అబద్ధమాడుతుంది. ఇరవై ఏళ్ళలో ఈ మాట ఎన్ని వందల మందికి చెప్పానో. నేను కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళయింది? గుర్తు రాలేదు. రోజూ ముక్క చూడ్డం, చక్రం తిప్పడం, చెయ్యెత్తడం. చెప్పేటందుకే నీతులు.

యంత్రం అలారం చేతికిచ్చి కళ్ళు మూసుకున్నాను. "ఆ బిళ్ళ మీద తిప్పు. మోగగానే నేను చెయ్యెత్తుతా."

గాలి వినబడింది. జీపు డ్రైవరు దగ్గడం వినబడింది. రోడ్డు మీద లారీ వెళ్ళింది. ఎంతసేపు చూసినా ఇది మొదలుపెట్టదే.

"తిప్పవేమే?"

కళ్ళు తెరిచాను. దాని చెయ్యి బిళ్ళ మీద అటూ ఇటూ ఊగుతూనే ఉంది. చెంపల మీద నీళ్ళు.

"మోగుతూనే ఉంది వదినా" అంది. "ఇందాకటి నుంచీ మోగుతూనే ఉంది."

అక్కడే కూలబడ్డాను. చెవి పోయినందుకు కాదు. పద్దెనిమిది రోజుల కింద నేనొక దారికి సంతకం పెట్టాను. ఆసుపత్రి వెనక గేటు నుంచి బస్టాపు దాకా ఉన్న అడ్డదారి అది. టీము వెతికి శుభ్రం చేశాక, ఏమీ మిగల్లేదని ఆఖరుసారి యంత్రంతో చూసి సంతకం పెట్టాల్సింది నేను. చూశాను. ఒక్క మోత లేదు. ఎంత శుభ్రంగా చేశారని టీముని మెచ్చుకున్నాను కూడా. సంతకం పెట్టినవాళ్ళే ముందు నడవాలి, అది మా పనిలో మర్యాద. జనం చూస్తుండగా ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాను. చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆ దారిలో రోజూ జనం తిరుగుతున్నారు. మా అత్తయ్య కూడా. మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోడానికి రోజూ పదకొండు గంటలకి బస్సు దిగి, "మా కోడలు వేసిన దారి" అని దారినపోయే వాళ్ళందరికీ చెబుతూ పోతుంది. టైము చూస్తే పదిన్నర దాటింది.

అలారం కూడా టైము చూసింది. ఆవిడ దానికి కన్నతల్లి.

జీపులో కూర్చుని అత్తయ్యకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆవిడ ఫోన్ ఎప్పుడూ ఇంట్లో చార్జింగులోనే ఉంటుంది, "బయట పోతుందేమో" అని భయం. ఆసుపత్రికి చేశాను. వెనక గేటు మూసెయ్యండి, ఆ దారిలోకి ఎవర్నీ పోనివ్వకండి అని అరిచాను. మా ఆఫీసు పెద్దసారుకి చేస్తే, సర్టిఫికెట్ ఉన్న టీములన్నీ కొండ అవతల ఉన్నాయి, వచ్చేసరికి గంటన్నర పడుతుందన్నారు. దారంతా నేను ఎన్ని దండాలు పెట్టుకున్నానో నాకే తెలియదు. పక్కన అలారం యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బస్టాపు దగ్గర జీపు ఆగేసరికి, దారి మధ్యలో అత్తయ్య కనబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వేరే జనమెవరూ లేరు. గేటు మూసి ఉండేసరికి అక్కడిదాకా పోయి తిట్టుకుంటూ వెనక్కి తిరిగింది. నా ఫోనే ఆవిడని వెనక్కి తిప్పింది. అదీగాక అందరూ నడిచే నడిమధ్యన కాదు, నీడ ఉందని గోడవారన నడుస్తోంది.

"అత్తయ్యా! ఆగండి! అక్కడే ఆగండి! కదలకండి!"

ఆగింది. "ఏమ్మా, ఏమైంది? గేటు మూసేశారేమిటి వెధవలు?"

"దారిలో ఇంకా మందుపాతర ఉందేమోనండీ. అడుగు తియ్యకండి. కర్ర కూడా ఎత్తకండి."

"ఉండటమేమిటే? నువ్వే కదా చూశావు?"

"సరిగ్గా చూడలేదు అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది, కిందికి తన చెప్పుల వైపు చూసింది. కర్రని రెండు చేతులతో పట్టుకుంది. ఎండా, ఆ మోకాళ్ళూ. పది నిమిషాలు నిలబడితేనే ఎక్కువ. గంటన్నర ఎక్కడ నిలబడుతుంది?

నేను పోలేను. వినబడని మనిషి యంత్రం పట్టుకుంటే కట్టె పట్టుకున్నట్టే. మిగిలింది అలారం. సర్టిఫికెట్ లేనివాళ్ళు నిజమైన నేలమీద అడుగు పెట్టకూడదని రూలు. ఆ రూలు మీద నేను మనుషుల్ని ఉద్యోగాల్లోంచి తీయించాను. కవచం తీసి దానికి తొడిగాను, ముఖానికి అద్దం దించాను. బెల్టు అదే పెట్టుకుంది.

"నీ వెనకాలే ఉంటా" అన్నాను. "నువ్వు చూసిన చోటే అడుగు పెడతా. భయపడకు."

"భయమేస్తోంది వదినా."

"నాకూ వేస్తోందే" అన్నాను. ఇరవై ఏళ్ళలో ఒక విద్యార్థికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

ముందు పరీక్ష ముక్క మీద కళ్ళు మూసుకుని యంత్రం చూసుకుంది. చెయ్యెత్తింది. మొదలుపెట్టాం. అటూ ఇటూ, జానెడు ముందుకి. అత్తయ్య దాకా పాతిక అడుగులు ఉంటుంది. నాలుగు అడుగులు పోయాక చెయ్యెత్తింది. అదేమిటో నాక్కూడా వినబడింది, బొంగురు మోత. తవ్వితే సీసా మూత. ఇంకో మూడు అడుగులకి మేకు. ఒక్కోదానికి పడుకోవడం, గుచ్చడం, లేవడం. అత్తయ్య మొదట మమ్మల్ని తిట్టింది, తర్వాత ఆసుపత్రిని తిట్టింది, ఆ తర్వాత మాటలు ఆపేసింది. మాటలు ఆపేసినప్పుడు నాకు ఇంకా భయమేసింది. ఆవిడ కాళ్ళు వణకడం ఇక్కడికి కనబడుతోంది.

"అమ్మా, వచ్చేస్తున్నా. కాసేపు" అంది అలారం.

"తొందరేం లేదు, నెమ్మదిగా రా" అంది అత్తయ్య, పళ్ళు బిగబట్టి.

ఇంక రెండడుగులు ఉందనగా అలారం చక్రం ఊపుతూ ఊపుతూ ఆగింది. చెయ్యెత్తలేదు. మెడ తిప్పి నా మొహం వైపు చూసింది.

"ఏమిటే?"

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే ఎందుకు ఆగావు?"

"ఏమో. మోగినట్టు అనిపించింది. నాకే అనిపించిందేమో. భయానికి." పెదాలు తడుపుకుంది. "నువ్వు విన్నావా?"

ఆరు వారాలు నేను దాని నెత్తిన కొట్టిన పాఠం అది. నా చేత్తో నేనే నేర్పాను. దాని చెవిని దానికి నమ్మకం లేకుండా చేసి పెట్టాను, ఇప్పుడు రెండడుగుల అవతల అత్తయ్య. అక్కడి నేలని చూశాను. మామూలు నేల, రెండు గడ్డిపోచలు, ఎండిన ఆకు.

"నాకు వినబడదే. నేను వినలేను. నువ్వే చెప్పాలి."

"నేను ఎప్పుడూ తప్పే కదా వదినా!"

"నువ్వు ఎప్పుడూ తప్పు కాదు. నేను చెవిటిదాన్ని. ఆరు వారాలుగా నేనే చెవిటిదాన్ని, నిన్ను తిట్టాను. నా మొహం చూడకు. కళ్ళు మూసుకో. మళ్ళీ తిప్పు."

కళ్ళు మూసుకుంది. చక్రం ఒక జానెడు ఇటు, ఒక జానెడు అటు. అత్తయ్య ఊపిరి వినబడుతోంది నాకు. ఇంకేమీ వినబడటం లేదు. అలారం చెయ్యి మెల్లగా పైకి లేచింది, నిటారుగా.

"మోగుతోంది" అంది. "సన్నగా. మోగుతోంది."

పడుకుంది. పుల్ల పక్కనుంచి గుచ్చింది, వేలెడు, ఇంకో వేలెడు. ఏడోసారి గుచ్చినప్పుడు ఆగింది. చేత్తో మట్టి పక్కకి జరిపింది. గోధుమరంగు ప్లాస్టిక్ అంచు, వంకరగా, ఒక పక్కకి ఒరిగి ఉంది. అత్తయ్య చెప్పు చివరకీ దానికీ మధ్య మూరెడు దూరం లేదు. వచ్చేటప్పుడు దాని పక్కనుంచే వచ్చింది. ఈ పద్దెనిమిది రోజులూ దాని పక్కనుంచే పోయింది.

ముట్టుకోవద్దన్నాను. పక్కన ఎర్ర గుర్తు పెట్టించాను. దాన్ని తప్పించి, అలారం నడిమధ్య నుంచి చుట్టూ వెతుక్కుంటూ అత్తయ్య వెనకవైపు చేరింది. నడుము పట్టుకుంది. మేం వెతికిన చోటే అడుగులో అడుగు వేయిస్తూ ఆవిడని నడిపించుకొచ్చాం. రోడ్డు మీదికి రాగానే అత్తయ్య కాళ్ళు మడిచేసి కూర్చుండిపోయింది. కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు, అదే కష్టంగా అనిపించింది.

పెద్దసారు పన్నెండింటికి వచ్చారు. టీము ఆ దారికి రెండు వైపులా తాళ్ళు కట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఏమీ దాచలేదు. ఉద్యోగం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అలారానికి సర్టిఫికెట్ ఇవ్వమన్నాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

"ఎప్పటినుంచి?"

కళ్ళు తెరుచుకుని చెవిని పరీక్ష చేసుకునే మనిషికి, అది ఎప్పుడు పోయిందో ఎలా తెలుస్తుంది? నెల అనుకున్నాను, రెండు నెలలు అనుకున్నాను.

"పోయిన ఏడాది వానలకి ముందు నుంచి" అంది అత్తయ్య బస్టాపు బెంచీ మీద నుంచి. "పొయ్యి మీద కెటిల్ కూత పెడుతుంటే, పక్కనే నిలబడి కూరలు తరుగుతోంది నాయనా. కట్టెయ్యవేమే అంటే, దేన్ని అంది. అప్పుడే అనుకున్నాను. ఒకసారి చెప్పాను కూడా, అత్తగారి సాధింపు అనుకుంది."

పెద్దసారు జీపులోంచి రిజిస్టరు తెప్పించారు. వానలకి ముందు నుంచి నేను సంతకం పెట్టినవి వేలితో చూసుకుంటూ వచ్చాను. తొమ్మిది చోట్లు. ఆసుపత్రి దారి ఆఖరుది. మూడోది ఊరి చివర బడి, దాని ఆటస్థలం. ఆయన టీములని పురమాయిస్తున్నారు, నేను బడికి ఫోన్ చేశాను. మాస్టారు ఎత్తారు.

"మాస్టారూ, ఆటస్థలంలో ఎవరైనా ఉన్నారా?"

"భలేవారే! మధ్యాహ్నం బెల్లు కొట్టి ఐదు నిమిషాలైంది, అందరూ అక్కడే. ఈ అరుపులు మీకు వినబడటం లేదా?"

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను. ఆయన గొంతు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమైందండీ? ఉండండి, లోపలికి పిలిచేస్తాను..."

"పిలవకండి మాస్టారూ" అన్నాను. "పిలిస్తే పరిగెత్తుకొస్తారు."